ఇద్దరికీ నచ్చే బొమ్మ

"ఇదేం హీరో ఎంట్రీ? కారు దిగాడు, కాలరు సర్దుకున్నాడు, గడప తట్టుకుని తూలాడు. జనం ఈల ఎక్కడ వెయ్యాలంట?"

దినపత్రికలో సినిమా సమీక్షలు రాసే ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే అంది.

"అసలు అందం అందులోనే ఉంది," వారపత్రిక విమర్శకుడు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మీకు నచ్చే సినిమాల్లో హీరో దిగితే కార్లు గాల్లోకి లేస్తాయి. ఇక్కడ దిగింది మనిషి."

వెనక కుర్చీలో కూర్చున్న శిల్పి అంచుకి జరిగాడు. అది అతని అసలు పేరు కాదు. ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నాడంటే తెమలకుండా చెక్కుతూనే ఉంటాడని మావయ్య పెట్టిన పేరు. స్టూడియో మావయ్యదే. ఇన్నాళ్లూ అందులో లైట్లు మోసిన శిల్పి, తనే కెమెరా పట్టి, తనే కూర్చిన మొదటి బొమ్మ ఇది. మావయ్య పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

"వాళ్లిద్దరూ ఔనంటే కెమెరా నీది. ఒక్కరు పెదవి విరిచినా మళ్లీ లైట్లు మోసుకోవడమే."

ఒక్కర్ని ఒప్పించడమే గగనం. పైగా ఈ ఇద్దరూ ఒక సినిమాని కలిసి మెచ్చుకున్న పాపాన పోలేదు. మొన్నటికి మొన్న, బస్సు కోసం ఎదురుచూసే మనిషి మీద ఎవరో తీసిన సినిమాని ఆయన 'మౌనం రాసిన కావ్యం' అన్నాడు. 'బస్సు రాలేదు, నిద్ర వచ్చింది' అని ఆవిడ ఒక్క ముక్కలో కొట్టిపారేసింది. ఆవిడ నాలుగు స్టార్లిచ్చిన ఫైటింగు సినిమా చూసొచ్చి, 'చెవుల డాక్టర్లకి మంచి రోజులొచ్చాయి' అని ఆయన రాశాడు. ఏళ్ల తరబడి ఇదే వరస. పాఠకులు రెండు పత్రికలూ పక్కపక్కన పెట్టుకుని మరీ నవ్వుకుంటున్నారు.

శిల్పి తెలివిగా చేద్దామనుకున్నాడు. ఆయన కోసం సగం బొమ్మని నిశ్శబ్దంగా వదిలాడు. ఆవిడ కోసం మిగతా సగం పాటలతో నింపాడు. దాంతో ఇద్దరికీ చెరో సగం నచ్చకుండా పోతోంది.

తెర మీద హీరోయిన్ తండ్రి భుజం మీద వాలి ఏడుస్తోంది.

"ఈ అమ్మాయి కాస్త ఎక్కువ చేసింది," అన్నాడాయన. "ఏడుపు సగం తగ్గించెయ్యి బాబూ."

"సగమా!" ఆవిడ గిర్రున తిరిగింది. "అది గ్లిజరిన్ ఏడుపు కాదండీ, కడుపులోంచి వచ్చింది. ముందు మీ హీరో సంగతి చూసుకోండి. వాడికంటే కొయ్యబొమ్మ నయం."

"కొయ్యబొమ్మా? దాన్ని నిగ్రహం అంటారు. లోలోపల ఎంత భావం పలికించాడో!"

"ఆ లోలోపలే ఉండిపోయింది. బయటికి రాలేదు."

ఇంతలో హీరోయిన్ తమ్ముడు జనం మధ్యలోకి దూకి గంతులెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన చెవులు మూసుకున్నాడు.

"ఈ కామెడీ ట్రాకు మొత్తం లేపెయ్యి."

"వాడి మీద కత్తెర పడితే నేను ఊరుకోను. బొమ్మకి ప్రాణమే వాడు. తీసెయ్యాలంటే హీరో పక్కనున్న ఆ పెద్దావిణ్ణి తియ్యండి. ఏ సీనులో చూసినా తింటూనే ఉంది."

"ఆవిణ్ణి ఒక్క మాట అనకండి! కెమెరాని లెక్కచెయ్యకుండా సహజంగా ఉన్న మనిషి ఆవిడొక్కతే."

ఆవిడ కోపంగా ఆయన నీళ్ల సీసా లాక్కుని గటగటా తాగేసింది. శిల్పి కళ్ల ముందు లైట్ల స్టాండ్లు వరసగా కనిపించాయి.

అప్పుడొచ్చింది ఆ షాటు. జనానికి దూరంగా ఒక మెట్టు మీద హీరో, హీరోయిన్ కూర్చుని ఉన్నారు. ఆమె చెప్పు తెగింది. అతను వంగి, పిన్నీసుతో దాన్ని బిగించబోయి వేలికి గుచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని పడీపడీ నవ్వారు. పాట లేదు, మాట లేదు.

ఇద్దరూ తెర వైపు వంగారు.

"ఇదెప్పుడు తీశావు?" ఆవిడ గొంతు మెత్తబడింది.

"మధ్యలో కాస్త ఖాళీ దొరికినప్పుడండీ. ఎవరికీ తెలీకుండా తీశాను."

"మళ్లీ వెయ్యి," అన్నాడాయన.

మళ్లీ వేశాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది కళ," అన్నాడు.

"ఇది హిట్టు," అంది ఆవిడ.

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మావయ్య నోరు తెరిచాడు. శిల్పికి ఏడుపొచ్చేంత ఆనందమేసింది. మావయ్య లోపలికొచ్చి, భుజానికున్న కెమెరా సంచీ తీసి అతని చేతికి అందించబోయాడు కూడా.

సరిగ్గా అప్పుడే తెర మీద క్లైమాక్స్ మొదలైంది.

"అయ్యో, హీరో చెయ్యి చూడండి, ఎలా వణుకుతోందో!" అంది ఆవిడ.

"అటు హీరోయిన్‌ని చూడండి. అంత ముఖ్యమైన ఘట్టంలో ఆవలించింది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది బాలేదు," అన్నాడాయన.

"అస్సలు బాలేదు. ఇది మాత్రం ఒప్పుకోం," అంది ఆవిడ.

మావయ్య సంచీని మళ్లీ తన భుజానికి తగిలించుకున్నాడు.

"క్లైమాక్స్ ఒక్కటీ రీషూట్ చేసెయ్యి బాబూ," అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

శిల్పి ఇక ఆగలేక రెండు చేతులూ జోడించాడు.

"రీషూట్ అంటే మీ ఇద్దరికీ మళ్లీ పెళ్లి చెయ్యాలి మేడమ్!"