కొంగ మొహం

ఆ ఉదయం ఎఫ్రయిమ్ టక్‌వెల్ మొహాన పడిన మొదటి గుడ్డు కుళ్ళినది. రెండోది తాజాది. లండన్‌లో తాజా గుడ్డు విసిరేశారంటే జనం ఎంత మండిపడుతున్నారో చూడండి.

“అరుగో మంత్రిగారు! బీరు దొంగ! కొంగ!” చేపల బుట్ట దించి మరీ అరిచిందొకావిడ.

“నేను మంత్రిని కాను తల్లీ!”

“ఆ ముక్కు నాకు తెలీదూ? వారం వారం పేపర్లో చూట్టంలా?”

చూస్తున్న మాట నిజమే. ఊరంతా చూస్తోంది. బీరు మీద పన్ను వేసినవాడు మంత్రి లార్డ్ ఆష్‌కోమ్. దాన్ని తీసేయమని గొంతు చించుకుంటున్నవాడు సర్ డిగ్బీ. వాళ్ళ తగువు మీద ప్రతి శనివారం ఓ వ్యంగ్యచిత్రం. అందులో డిగ్బీ బుల్‌డాగ్, మంత్రి కొంగ. కొంగకి తగిలించిన మొహం మాత్రం అచ్చం ఎఫ్రయిమ్‌ది.

మంత్రిని కళ్ళారా చూసినవాళ్ళు ఊళ్ళో ఎందరున్నారు గనక! జనానికి బొమ్మలో ఉన్నదే మొహం. అసలు మంత్రి చేతికర్ర ఊపుకుంటూ షికారు పోతున్నాడు, పలకరించే నాథుడు లేడు. దెబ్బలన్నీ ఎఫ్రయిమ్‌కే.

గుర్రబ్బండివాడు ఎక్కించుకోడు. బీరుకొట్టువాడు గుమ్మం తొక్కనివ్వడు. ఎఫ్రయిమ్ గుండె రాయి చేసుకుని, ఇరవయ్యేళ్ళుగా పెంచుకున్న బుగ్గమీసాలు గొరిగించేసుకున్నాడు. ఆ శనివారం బొమ్మలో కొంగకీ బుగ్గమీసాలు లేవు!

ముందురోజే కిటికీలోంచి రాయొకటి వచ్చి, మంచం మీద పడుకున్న భార్య లెట్టీ తల పక్కనే పడింది. ఆమెకి ఎనిమిదో నెల.

“ఈ శనివారం కూడా ఆ బొమ్మ వచ్చిందో, డోవర్‌లో మా అమ్మ దగ్గరికి పోతాను,” అంది లెట్టీ. “బిడ్డ పుట్టినా నువ్వు రావద్దు. నీ వెనకే రాళ్ళొస్తాయి.”

ఆ మాటకి ఎఫ్రయిమ్ ప్రాణం ఉసూరుమంది. అందుకే ఆ ఉదయం, కారుతున్న గుడ్డుసొన తుడుచుకుంటూ పత్రికాఫీసుకి పరుగెత్తాడు. ఎడిటర్ బాగ్‌షా బల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“ఆ మొహం మార్చాలండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“బుగ్గమీసాలు పోయినందుకే, మా కొంగ ఏదని నలభై ఉత్తరాలొచ్చాయి,” అన్నాడు బాగ్‌షా. “మొహమే మారిస్తే మంత్రి అని ఎవడు పోల్చుకుంటాడయ్యా? పైగా ఎన్నికలు నెత్తిమీదున్నాయి.”

“పోనీ ఎన్నికలయ్యేదాకా ఆపించండి!”

“అది ఆగదు. ఒకడు కాకపోతే ఇంకొకడు గీస్తాడు. జనం అడుగుతున్నది కొంగని.”

“పెళ్ళాం బిడ్డలు దక్కరండీ నాకు!” ఎఫ్రయిమ్ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

బాగ్‌షా కలం పక్కన పెట్టి, తన జేబురుమాలు తీసి ఇచ్చాడు. ఆయనకీ జాలేసింది.

“పార్లమెంటుకి పోయి మంత్రిగారిని ఒక్కసారి చూసి గీయవయ్యా అంటే వినకుండా, అద్దంలో నీ మొహమే చూసుకుంటూ బొమ్మ గీసుకొచ్చిన నాడే ఆలోచించాల్సింది, ఎఫ్రయిమ్!”