లోపలి అంచు

టైలరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా పెరటి కిటికీ దగ్గర గొంతు వినిపించింది.

"అరిగిపోయింది బాబూ!"

"ఇంకా తినందే అరగడమేమిటి పెద్దాయనా?"

వంటింట్లో భార్య కిసుక్కున నవ్వింది. కిటికీ బయట నిలబడ్డ మనిషి మాత్రం నవ్వలేదు.

"అన్నం సంగతి కాదు. నీ కారు ముందు టైరు."

ఆయన మేడమీద గదిలో అద్దెకుండే ముసలాయన. వానలు మొదలయ్యే ముందు వచ్చి చేరాడు. ముందూ వెనకా ఎవరూ లేరు. ఎంత దూరమైనా నడిచే వెళ్ళేవాడు. టైలరు రెండు మూడుసార్లు కారాపి ఎక్కమన్నాడు కూడా.

"చెప్పులేగా అరిగేది, పర్లేదు బాబూ" అనేవాడు.

మంచినీళ్ళు కావలసివచ్చినా పెరటి గుమ్మం దగ్గరే నిలబడేవాడు. ముందు గదిలోకి రమ్మంటే ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయేవాడు.

వీధిలో ఎవరి కారు ఆగినా సరే, వంగి దాని టైర్లు చూడటం ఆయనకో పిచ్చి. అందుకే వీధివాళ్ళు 'అరుగుడు తాత' అని పేరు పెట్టేశారు. టైర్ల షాపులో కమీషను తింటున్నాడని టైలరు అనుమానం.

టైలరు చెయ్యి కడుక్కుని బయటికొచ్చి టైరు తడిమి చూశాడు.

"ఇదిగో, గాడులు ఎంత లోతుగా ఉన్నాయో చూడండి. ఇంకో ఏడాది దర్జాగా తిరుగుతుంది."

"పైకి అలాగే ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి లోపలి అంచు చూడు. బండి ఓ పక్కకి లాగట్లేదూ?"

లాగుతోంది. కానీ ఆ మాట ఒప్పుకోవడం టైలరుకి ఇష్టం లేకపోయింది.

"అక్క వాళ్ళింటికి వెళ్ళొచ్చాక చూద్దాంలెండి."

"రేపేగా మీ ప్రయాణం? కొండ రోడ్డు, వాన. పైగా చంటిపిల్లతో."

"అంత తెలిసినట్టు చెబుతున్నారు, అసలు స్టీరింగు ఎప్పుడైనా పట్టుకున్నారా?"

ముసలాయన చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ముసురు పట్టింది. అక్కకి కొడుకు పుట్టాడు. మేనల్లుణ్ణి చూడాలని ఇంటిల్లిపాదీ తయారై బయటికొచ్చేసరికి కారు ఓ పక్కకి ఒరిగి ఉంది. ముందు టైరు నేలకి అతుక్కుపోయింది.

పక్కనే మెట్టు మీద ముసలాయన, గొడుగైనా లేకుండా, తడుస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఎవరు చేశారిది?"

"గాలి నేనే తీశాను."

టైలరుకి ఒళ్ళు మండిపోయింది.

"షాపువాడు నీకెంత ఇస్తానన్నాడు?"

మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

"టైరు మార్చుకుని వెళ్ళు బాబూ. తర్వాత నన్నేమైనా అను."

"అనడం కాదు, నేను తిరిగొచ్చేసరికి గది ఖాళీ అయిపోవాలి. నీ మొహం మళ్ళీ నాకు కనబడకూడదు!"

గుమ్మంలో నుంచున్న తల్లి ఒక్కడుగు ముందుకేసింది.

"ఉండనీరా. ఆయన్ని ఉండమన్నది నేను."

"నువ్వూరుకో అమ్మా. నీకు లోకంలో అందరూ మంచివాళ్ళే."

ముసలాయన తలొంచుకుని మెట్లెక్కాడు.

టైలరు స్టెప్నీ బిగించి, తడిసి ముద్దయి, గాలి లేని చక్రాన్ని డిక్కీలో పడేసుకుని టైర్ల షాపుకి వెళ్ళాడు. వెళ్తూనే షాపువాణ్ణి నిలదీశాడు.

"మా మేడమీద ముసలాయనకి కమీషను ఎంతిస్తున్నావేంటి?"

"ఎవరు, ఆ తాతకా? ఆయన ధర్మమా అని నా వ్యాపారం సగం పడిపోయింది అన్నా! టైరు బాగుంటే, ఇంకా మార్చక్కర్లేదని చెప్పి వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపించేస్తాడు."

అంటూనే షాపువాడు చక్రాన్ని దొర్లించి లోపలి వైపు పైకి తిప్పాడు.

ఆ అంచున రబ్బరనేదే లేదు. తీగలు బయటపడి ఉన్నాయి, కోటు లైనింగు చిరిగి దారాలు వేలాడినట్టు.

"పైకి కొత్త పెళ్ళికొడుకులా ఉంది, లోపల ఏమీ మిగల్లేదు. దీంతో వానలో కొండ దిగుదామనుకున్నావా అన్నా?"

ఎవరు కోటు తెచ్చిచ్చినా ముందు లైనింగు తిప్పి చూసే టైలరు ఆ అంచుని వేలితో తడిమాడు. భార్య ఒళ్ళో నిద్రపోయే పిల్ల కళ్ళముందు మెదిలింది. భయమేసింది. ఆ వెనకే సిగ్గేసింది.

ముందు టైర్లు రెండూ మార్పించుకుని ఇంటికొచ్చి, గబగబా మేడ మెట్లెక్కాడు.

గది శుభ్రంగా ఊడ్చి ఉంది. తాళంచెవి కిటికీలో ఉంది. వీధి చివరిదాకా పరిగెత్తి చూశాడు. వానలో మనిషి జాడ లేదు.

తల్లి ముందు గదిలో, తండ్రి ఫొటో కింద కూర్చుని ఉంది. తండ్రిని టైలరు ఆ ఫొటోలో తప్ప ఎరగడు. తను ఉయ్యాల్లో ఉండగానే ఏదో కారు గుద్ది పోయాడని మాత్రం తెలుసు.

"వెళ్ళిపోయాడమ్మా. మాటలు పడి మరీ మనల్ని ఆపాడు. ఏమవుతాడని మనకి?"

తల్లి వాన వంక చూసింది.

"మీ నాన్న పోయిన రోజూ ఇలాగే వానరా. బ్రేకు తొక్కినా కారు ఆగలేదట. టైర్లు అరిగి నున్నగా ఉన్నాయట. జారుకుంటూ మీదికొచ్చేసిందట."

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ సంగతి ఎత్తడం అదే మొదలు.

"బ్రేకు తొక్కాడని, టైర్లు అరిగాయని... ఇవన్నీ నీకెవరు చెప్పారమ్మా?"

"ఆ కారు నడిపినాయనే" అంది తల్లి, "మేడమీద గది అద్దెకిస్తారా అని అడగడానికొచ్చిన రోజు."