ఎనిమిదో నాటకం

"ఏడు నాటకాల్లోనూ లాస్ట్ సీన్‌లో వైఫ్ ఇల్లు వదిలేసి వెళ్ళిపోతుంది. ఎందుకు ఆంటీ అలా?"

ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి అడిగింది హంసిక. డాలస్ దగ్గర కాపెల్‌లో పుట్టి పెరిగిన పిల్ల. యూనివర్సిటీలో థియేటర్ చదువుతూ, ప్రసిద్ధ నాటక రచయిత ధర్మారావు మీద థీసిస్ రాస్తోంది. ఆయన భార్య దమయంతి పక్క ఊరు ఇర్వింగ్‌లోనే ఉందని ఈమధ్యే తెలిసి, ఫోన్ చేసి వచ్చింది.

"అంకుల్ కూడా ఉంటారనుకున్నాను," అంది.

"లేరమ్మా. నేను చెప్తాలే."

దమయంతి నెమ్మదిగా మొదలుపెట్టింది. ఇండియా నుంచి వచ్చి షాంటిలీలో కాపురం పెట్టిన కొత్తలు. పాపకి నూట మూడు జ్వరం. ఎవరిదో నాటకం రిహార్సల్స్ అని ఆయన రెండు రోజులు ఇంటికి రాలేదు. వచ్చేసరికి ఆమె సూట్‌కేస్ సర్దుకుని, పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"'ఈ ఇంట్లో నాకు గది ఉంది, చోటు లేదు' అన్నాను. ఆయన చేయి అడ్డం పెట్టారు."

"సారీ చెప్పారా?"

"'ఏదీ, మళ్ళీ అను' అన్నారు. జేబులోంచి పెన్ను తీశారు."

హంసికకు ఆ మాట కంఠతా వచ్చు. మొదటి నాటకంలో చివరి డైలాగ్ అది. డాలస్‌లో ఆ నాటకం వేసినప్పుడు వాళ్ళమ్మ ఆ మాట దగ్గరే ఏడ్చింది.

"మీకు కోపం రాలేదా ఆంటీ?"

"రాస్తూ రాస్తూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నా బాధ అర్థమైంది కాబోలనుకుని సూట్‌కేస్ విప్పేశాను. నెల తిరక్కుండా మళ్ళీ మామూలే. మా అమ్మ పోయినప్పుడు ఇండియాకి టికెట్ బుక్ చేయమంటే, ప్రీమియర్ అయ్యాక చూద్దామన్నారు. ఆ రోజు నేనన్న మాటలే నాలుగో నాటకం."

"అంటే అన్నీ..."

"ఏడుసార్లు సర్దుకున్నాను. ఏడుసార్లూ రాసుకున్నారు. మా అమ్మాయి పెద్దయ్యాక అడిగేది, 'నాన్నకి ఇవన్నీ తెలుసు కదమ్మా, మరి ఇంట్లో ఎందుకలా ఉంటారు?' అని."

హంసిక నోట్స్‌లో పేజీ తిప్పింది.

"లాస్ట్ క్వశ్చన్ ఆంటీ. అంకుల్ ఆరేళ్ళ నుంచి ఒక్క ప్లే కూడా రిలీజ్ చేయలేదు. ఎనిమిదోది స్టార్ట్ చేశారట, లాస్ట్ సీన్ దగ్గర ఆగిపోయారట. హెల్త్ ఇష్యూసా అని మా ప్రొఫెసర్ అడుగుతున్నారు."

"ఒంట్లో బాగానే ఉందని మా అమ్మాయి చెప్తుంటుంది."

"మరెందుకు రాయలేకపోతున్నారు?"

దమయంతి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"ఈసారి నేనేమీ అనకుండా వచ్చేశానమ్మా."