రిమోట్ బిగించిన రోజు

సీతమ్మధారలోని ఆ అపార్ట్‌మెంట్ జనరేటర్‌కి రిమోట్ బిగించేశారు. పదకొండేళ్లుగా దాన్ని వేసి ఆపుతున్న సన్యాసిరాజుకి ఇక పనిలేదు.

"పోయేముందు మా ఇంట్లో భోంచేసి వెళ్దువుగాని, పద," అన్నాడు సెక్రటరీ దొరబాబు, లిఫ్టు తలుపు తీసి.

"నాను మెట్లెక్కి వత్తాను బాబూ."

"ఇంకా మొహమాటమేంటయ్యా!" అంటూ దొరబాబు అతన్ని లోపలికి లాగాడు.

మూడో అంతస్తు దాటగానే కరెంటు పోయింది. దొరబాబు దర్జాగా జేబులోంచి రిమోట్ తీసి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆ ఇనప పెట్టెలోంచి సిగ్నల్ బయటికి పోవడం లేదు. ఫోనూ పలకలేదు.

చెమటలు కారుతుంటే తలుపు బాదాడు. "కింద జనరేటర్ వేసేవాడే లేడా?"

చీకట్లో సన్యాసిరాజు నెమ్మదిగా అన్నాడు.

"అందుకే బాబూ, పదకొండేళ్లూ నాను లిఫ్టెక్కనేదు."