గోడవైపు కుర్చీ

"లే. అది నా కుర్చీ," అన్నాడు హవల్దారు.

"ఇవాళ నాది," అంది భార్య, గోడకు వీపు ఆనించి. "మీది అదిగో, ఎదురుగా."

ఎదురుగా కూర్చుంటే హోటలు తలుపు వీపు వెనక్కి పోతుంది. యుద్ధం నుంచి వచ్చాక ఆయన తలుపుకు వీపు పెట్టి కూర్చున్నది లేదు. కూతురి మొదటి నాటకం కూడా హాలు వెనక గోడకు ఆనుకుని, నిలబడే చూశాడు. రేపు రెండో నాటకం. ముందు వరసలో నాన్న కనబడకపోతే ఇక మాట్లాడేది లేదని ఆ పిల్ల తెగేసి చెప్పింది. ఒక్క పూట ఇలా కూర్చుని భోజనం ముగిస్తే రేపు అలా కూర్చోగలరని మనసు డాక్టరు అన్నాడు.

"మీ బదులు నేను కాపలా కాస్తాగా. కూర్చోండి."

కూర్చున్నాడు. వడ్డన అయిందో లేదో వెనక తలుపు కిర్రుమంది. ఆయన చేతిలో చెంచా ఆగింది.

"ఎవరు?"

ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. "మొగుడూ పెళ్ళామూ. మొగుడి చేతిలో గొడుగు, పెళ్ళాం మొహంలో ఉరుము."

ఆయనకు నవ్వొచ్చింది. చెంచా నోటిదాకా వెళ్ళింది. తలుపు మళ్ళీ కిర్రుమంది.

"ఇప్పుడు?"

"ఎవరో పెద్దాయన. బుర్రమీసాలు. వాటి బరువుకే వంగిపోయినట్టున్నాడు పాపం."

"చేతుల్లో ఏముంది?"

"వేళ్ళు. తినండి, చల్లారిపోతోంది!"

ఆ తర్వాత తలుపు ఎన్నిసార్లు కిర్రుమన్నా ఆయన అడగలేదు. మారు వడ్డించమన్నాడు. కంచం ఖాళీ చేసి మీసం తుడుచుకున్నాడు.

"రేపు ముందు వరసేనే! నువ్వు పక్కనుంటే చాలు."

లేచి రెండడుగులు వేశారో లేదో ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "మెట్టు వస్తే చెప్పండి."

"ఏం, నీకు కనబడదూ?"

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండీ. బల్ల దాటితే అంతా మసకే."

హవల్దారు నిలబడిపోయాడు. "అంటే... ఇంతసేపూ నాకు కాపలా లేదా? మరి ఆ మీసాల పెద్దాయన?"

"కనబడినంత మేర కాశాను. ఆ మీసాలు మీవే!"