లెక్కలోకి రాదు

"సగటు అంటే ఏంటి బాబూ?"

వేసవి క్లాసు మొదటిరోజే, మూలకుర్చీలో కూర్చున్న ముసలావిడ అడిగిన ప్రశ్న ఇది. చెప్పేదేమో స్టాటిస్టిక్స్. నవ్వినవాళ్ళు నవ్వారు. ట్రెస్సా మాత్రం పళ్ళు నూరుకుంది.

నూరుకోదూ మరి? ఆమె నవ్వే స్థితిలో లేదు. వయోమింగ్‌లో ఒక చిన్న కాలేజీ వదిలి, వాలీబాల్ కోసమే నెబ్రాస్కాలోని ఈ కాలేజీకి మారింది. మారాక తెలిసింది. అక్కడ రెండేళ్ళు చదివిందంతా తనతోపాటు వచ్చిందట గానీ, అందులో సగం ఇక్కడి డిగ్రీకి పనికిరాదట. పనికొచ్చే చదువు సరిపడా లేనివాళ్ళు మ్యాచ్‌లో దిగకూడదని ఇక్కడి నిబంధన.

"అంటే నేను చదివినట్టా, చదవనట్టా?" అని ఆఫీసులో అడిగింది.

"చదివినట్టే. కానీ లెక్కలోకి రాదు," అన్నాడు గుమస్తా చల్లగా.

పెళ్ళికి రమ్మని, పంక్తిలో కూర్చోవద్దన్నట్టుంది వ్యవహారం. ఎన్నిసార్లు విన్నా ఆమె బుర్రకెక్కలేదు. చివరికి తేలింది ఒక్కటే. ఈ వేసవిలో స్టాటిస్టిక్స్ పాసైతే ఆట ఉంటుంది, తప్పితే ఏడాదంతా చప్పట్లు కొడుతూ కూర్చోవాలి. ఆడనివాళ్ళకి ఆ పై ఏడు స్కాలర్‌షిప్ ఇస్తారన్న భరోసా కూడా లేదు.

ఆ క్లాసు సంగతీ గాలిలో దీపమే అయింది. ఎనిమిదిమంది చేరకపోతే ఎత్తేస్తామన్నారు. ఏడుగురి దగ్గర ఆగిపోయింది. గడువు ముగిసేలోపు ఎవరో ఎనిమిదో పేరిచ్చారట, బతికిపోయింది.

ముసలావిడ పేరు ఆర్డిస్. రోజూ ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో దాల్చినచెక్క రొట్టెలు తెచ్చుకునేది. కుర్చీని పక్కకి తిప్పుకుని, అందరి ముఖాలూ కనిపించేలా కూర్చునేది. హాల్వర్సన్ మాస్టారు కుర్రవాడు, పాఠం అందుకున్నాడంటే రైలింజనే. మధ్యలో ఈవిడ ట్రెస్సా ముఖంకేసి ఓసారి చూసేది, వెంటనే చెయ్యెత్తేది. ఆ గీత ఎందుకు వంగిందని ఒకరోజు, ఇందాకటినుంచి రాస్తున్న ఆ గుర్తు ఏమిటని ఇంకోరోజు.

మాస్టారు ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు. ట్రెస్సా గొణుక్కుంటూనే రాసుకునేది. ఈవిడ సందేహాలు తీరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని ఆమె బెంగ.

మొదటి పరీక్షలో ట్రెస్సా తప్పింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, వరండాలో ఆర్డిస్‌ని పట్టుకుంది.

"మీకిది కాలక్షేపం ఆర్డిస్ గారూ. నాకు బతుకు. మీ ప్రశ్నలేవో ఇంటికెళ్ళి మనవల్ని అడగొచ్చుగా."

ఆవిడ నొచ్చుకోలేదు. రొట్టెల డబ్బా మూత తీసి ముందుకు చాపింది.

"నీ కోపం నిజంగా నా మీదేనా అమ్మాయ్?"

"అసలు కోపం ఆ రూలు రాసినవాళ్ళ మీద. ఒక్కనాడు బంతి ముట్టుకున్న మొహం అయ్యుండదు. ఎదురుపడితే కడిగిపారేద్దును."

"కడగాల్సిందే," అంది ఆర్డిస్. "సరేలే, రేపట్నుంచి నేను నోరెత్తను."

అన్నమాట నిలబెట్టుకుంది.

మర్నాటినుంచి ఆ రైలుకి స్టేషన్లే లేకుండా పోయాయి. అందరూ తలలూపుతున్నారు. ట్రెస్సాకి ఒక్క ముక్క అందడంలేదు. నిన్నటిదాకా ఎంతోకొంత అర్థమైన పాఠం ఇవాళ ఎందుకిలా అయిందో ఆమెకి అంతుపట్టలేదు. పాఠమే కష్టమైందా, తన బుర్రే మొద్దుబారిందా? మూలకుర్చీకేసి చూసింది. ఆర్డిస్ తాపీగా కాఫీ తాగుతోంది. చూపు మాత్రం ట్రెస్సా చేతిమీద ఉంది.

ట్రెస్సా ఆ చెయ్యి ఎత్తింది.

"సార్, నాకు అర్థం కాలేదు."

అనేశాక సిగ్గుతో చచ్చిపోయింది. వెనకనుంచి ఎవరో, "హమ్మయ్య, నాకూ అంతే," అన్నారు.

ఆ తర్వాత ఆ వేసవంతా ఆ చెయ్యి దిగలేదు.

చివరి పరీక్షనాడు మూలకుర్చీ ఖాళీగా ఉంది. పాపం, భయపడి మానేసి ఉంటుందని ట్రెస్సా జాలిపడింది. తను మాత్రం పాసైంది. ఆడొచ్చని ఆఫీసువాళ్ళు చెప్పినప్పుడు, చదివినట్టా చదవనట్టా అని మళ్ళీ అడగబోయి ఊరుకుంది.

తొలి మ్యాచ్‌కి ఆర్డిస్ పేరున కౌంటర్లో ఒక టికెట్ పెట్టించింది. ఆవిడకి ఎదురుగానే క్షమాపణ చెప్పుకోవాలని ఆశ. మ్యాచ్ గెలిచారు. టికెట్ కౌంటర్లోనే ఉండిపోయింది. జనంలో హాల్వర్సన్ మాస్టారు కనిపిస్తే ఆవిడ సంగతి అడిగింది.

"పరీక్షల వారంలోనే పోయారమ్మా. గుండె జబ్బు ఎప్పట్నుంచో ఉంది."

"పాపం, పాసవకుండానే పోయారా," అంది ట్రెస్సా.

మాస్టారు వింతగా చూశాడు.

"ఆవిడ పాసవడమేంటి? నాకీ లెక్కలు నేర్పిందే ఆవిడ."

"మరి ఆ ప్రశ్నలు?"

"నీ మొహం చూసి అడిగినవి. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు."

"నాకోసం ఎందుకు? నేనెవర్ని ఆవిడకి?"

మాస్టారు గోడమీది పాత జట్ల ఫోటోల్లో ఒకదాని దగ్గరికి తీసుకెళ్ళాడు. నెట్ పక్కన పొడుగ్గా నిలబడ్డ ఓ అమ్మాయి, కాస్త పక్కకి తిరిగి, తన జట్టువాళ్ళ ముఖాలకేసి చూస్తోంది.

"అప్పట్లో ఆటగాళ్ళని ఆడినన్నాళ్ళు ఆడించుకుని, ఏ డిగ్రీకీ అతకని చదువులు అంటగట్టి, ఉత్తచేతులతో ఇంటికి పంపేవాళ్ళు. ఈవిడనీ అలాగే పంపారు. పడుతూ లేస్తూ చదువుకుని, ఇక్కడికే పంతులమ్మగా తిరిగొచ్చారు," అన్నాడు మాస్టారు. "మీరంతా తిట్టిపోసే ఆ రూలు రాసింది ఆవిడే. దానికి చిక్కిన పిల్లల క్లాసు ఎత్తేస్తున్నారంటే, ప్రతి వేసవిలో ఎనిమిదో పేరిచ్చేదీ ఆవిడే."