పద్మావతమ్మ కోసం వచ్చినవాడు

"ఆగాగు! ఎక్కడికి లోపలికి?"

గేటు దగ్గర వెంకటకృష్ణారావు కేక వేశాడు.

భవానీపురంలో ఆయనది మూడంతస్తుల ఇల్లు. వాకిట్లో షామియానా వేశారు. దాని కింద ఫ్రీజరు బాక్సులో ఆయన తల్లి పద్మావతమ్మ ఉంది. పొద్దుటినుంచి ఆ గేటులోంచి ఎందరో వెళ్లారు, వచ్చారు. ఎవర్నీ ఎవరూ ఆపలేదు.

ఇతన్ని ఆపారు.

ముసలివాడు. ఉతికిన పంచె, తెల్లచొక్కా. ఎడమచేతికి వేళ్లు లేవు. కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ముక్కు అణిగిపోయింది.

"ఒక్కసారి ఆవిడ మొహం చూసి వెళ్లిపోతాను బాబూ."

"ఎవరు నువ్వు?"

ముసలివాడు నోరు తెరిచి మళ్లీ మూశాడు.

"తెలిసినవాణ్ణి" అన్నాడు చివరికి.

"మా అమ్మకి కుష్టోళ్లతో పరిచయాలా? ఎవరైనా వింటే నవ్విపోతారు."

షామియానా కింద కుర్చీలు చప్పుడయ్యాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్లు లేచి వెనక వరసలోకి సర్దుకున్నారు. కృష్ణారావు భార్య సింధూరి కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఏవండీ, ముందు పంపించేయండి. ఇంట్లో పిల్లలున్నారు. గాలి తగిలితేనే అంటుకుంటుందట!"

"అంటదమ్మా" అన్నాడు ముసలివాడు. "మందులు వాడాను. జబ్బు ఎప్పుడో నయమైపోయింది. పోయిన వేళ్లే తిరిగి రాలేదు."

"నయమైతే ఈ అవతారమేంటో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. చావింట్లో అదే మొదటి నవ్వు.

పక్కింటి రిటైర్డ్ లెక్చరరు గొంతు సవరించుకున్నాడు.

"అది మందులకు లొంగేది కాదండీ. పూర్వజన్మలో చేసుకున్న పాపం. వంశంలో కూడా దిగుతుంది."

ఆయన ఉద్యోగమంతా పిల్లలకు సైన్సు చెప్పాడు. కాబట్టి అందరూ తలలూపారు.

ముసలివాడు వాదించలేదు. చంకలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసి, రెండు మణికట్ల మధ్య పట్టుకుని ముందుకు చాపాడు.

"కొత్త చీర. ఇది ఆవిడ మీద కప్పించండి చాలు. నేను లోపలికి రాను."

ఎవరూ చెయ్యి చాపలేదు. అతను కవరును గేటు పక్క గోడమీద పెట్టాడు. సింధూరి పనిమనిషికి సైగ చేసింది. పనిమనిషి చీపురుకట్టతో తోసింది. కవరు మురుక్కాలవలో పడింది.

ముసలివాడు దానివంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకా ఏం చూస్తావ్?" కృష్ణారావు చిరాకుపడ్డాడు. "భోజనం కోసమైతే పెద్దకర్మ రోజున రా. బయట విస్తరి వేయిస్తాలే."

"భోజనానికి రాలేదు బాబూ."

అతను వెనక్కి తిరిగి రోడ్డు దాటాడు. మిట్టమధ్యాహ్నం, తారు కరుగుతోంది. సగం దారిలో ఒక కాలి చెప్పు జారిపోయింది. ఉత్తికాలితో అలాగే నడిచిపోయాడు.

"చూడు, చెప్పు ఊడినా తెలీడంలేదు! కాలు కాలుతున్నా తెలీడంలేదు! తోలుమందం!" అన్నాడు కృష్ణారావు బావమరిది పవన్‌కుమార్.

మళ్లీ నవ్వులు.

కాసేపటికి వైకుంఠరథం బయల్దేరింది. ముసలివాడు ఎదుటి ఇంటి గోడ నీడలో ఇంకా నిలబడే ఉన్నాడు. ఎగిరి ఎగిరి చూస్తున్నాడు. పూలదండల్లో మొహం కనిపించదు.

"వీడు ఘాట్‌ దాకా వచ్చేలా ఉన్నాడు" అంటూ పవన్‌కుమార్ కర్ర తీసుకుని రోడ్డు దాటాడు.

కొట్టే అవసరం రాలేదు. కర్ర చూసి ముసలివాడే కదిలాడు. సందు చివరికెళ్లి, బండి వెళుతున్న వైపు రెండు చేతులూ ఎత్తాడు. ఆ చేతులు సరిగ్గా కలవలేదు.

మైలవరం నుంచి పద్మావతమ్మ చెల్లెలు కనకలక్ష్మి కారు దిగేసరికి మగవాళ్లంతా స్నానాలు చేసి ఇల్లు చేరారు. అక్క చివరిచూపు దక్కలేదని ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కృష్ణారావును పక్కకి పిలిచింది.

"ఒరే కృష్ణా, ఇవాళ ఓ పెద్దాయన వచ్చాడా? చేతివేళ్లు సరిగా ఉండవు."

"ఆ కుష్టోడా? వచ్చాడు పిన్నీ. గేటు దాటనివ్వలేదులే."

"వాడు నిలబడ్డ చోటంతా ఫినాయిలు పోసి కడిగించాను అత్తయ్యా" అంది సింధూరి.

కనకలక్ష్మి కృష్ణారావు వైపు తిరిగింది.

"ఫోన్ చేసి రమ్మంది నేనేరా."

"నువ్వా? వాడితో నీకేం పని?"

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీ అమ్మకి మీ నాన్నతో సంబంధం కుదిరిన రోజులవి. అప్పుడే బయటపడింది జబ్బు. కాలిమీద పాలిపోయిన మచ్చ. గిల్లినా తెలిసేది కాదు, నిప్పు అంటినా తెలిసేది కాదు. ఆ సంగతి పొక్కితే ఆ ఇంటి పిల్లని ఎవడు చేసుకుంటాడు?"

"ఎవరి సంగతి పిన్నీ నువ్వు చెప్పేది?"

"తర్వాత మీ అమ్మ ఎన్నిసార్లో రమ్మని కబురు పెట్టింది. రాలేదు. నీ పిల్లల పెళ్లిళ్లకి అడ్డొస్తానని భయం. ఇవాళ కూడా పేరు చెప్పి ఉండడు."

కృష్ణారావు గేటు వైపు చూశాడు.

"నీ మేనమామరా" అంది కనకలక్ష్మి, "చెల్లెలి పెళ్లి చెడిపోకూడదని, తాను కృష్ణలో పడి చచ్చిపోయినట్టు ఊరంతా నమ్మేలా చేసి వెళ్లిపోయిన మా అన్నయ్య."